పెన్సిల్ గీత ఆగిన పేజీ

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తకప్రియుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసిపెట్టారు.)

అందరికీ నమస్కారం.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక చదవడం పెరిగింది. చదివినదాని గురించి మాట్లాడుకోవడానికి మనుషులు కావాలనిపించింది. అట్లా మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు తొమ్మిదిమంది కూడడం మొదలైంది. ఈమధ్య ఎనిమిది ఆదివారాలు ఒకే నవల పట్టుకుని కూర్చున్నాం. ఇంగ్లీషు చదవగలిగిన నలుగురు చదివారు. మిగతావాళ్ళకు నేను అధ్యాయం తర్వాత అధ్యాయం తెలుగులో చెప్పాను. వాళ్ళంతా ఏమన్నారో వచ్చి చెప్పమన్నారు కాబట్టి ఇక్కడ నిలబడ్డాను. నా మాటలకన్నా వాళ్ళ మాటలే ఎక్కువ ఉంటాయి.

ఇదిగో, ఇదే ఆ పుస్తకం. వెనక కూర్చున్నవాళ్ళకు కనపడదేమో, అట్ట ఊడిపోయింది. పాత పుస్తకాలు పరుచుకుని అమ్మే అబ్బాయి దగ్గర నలభై రూపాయలకు కొన్నాను. ‘ది డే ఆఫ్ ది జాకాల్’. ఫ్రెడరిక్ ఫోర్సిత్ రాసిన మొదటి నవల. 1971లో వచ్చింది. ఆయన 2025 జూన్‌లో చనిపోయారు. ఆ వార్త చూసిన రోజే దీన్ని మళ్ళీ చదవాలనిపించింది.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 1962 ఆగస్టు 22 రాత్రి పారిస్ శివారులో, పెతీ క్లమార్ అనే చోట, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ కారు మీద కాల్పులు జరిగాయి. టైర్లు పోయాయి, వెనక అద్దం పగిలింది. ఆయనకూ పక్కనున్న భార్యకూ ఏమీ కాలేదు. ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియాను వదిలేశాడన్న కోపంతో రగిలిపోతున్నవాళ్ళు చేసిన పని అది. దానికి నాయకుడైన లెఫ్టినెంట్ కల్నల్ బాస్తియన్ తిరీని 1963 మార్చి 11న కాల్చి చంపారు. ఇంతవరకూ చరిత్ర. నవల ఆ చలి ఉదయంతో మొదలవుతుంది. అక్కడినుంచి రచయిత కల్పన.

ఓఏఎస్ అనే రహస్య సైనిక సంస్థ డిగాల్‌ను ఎట్లాగైనా చంపాలనుకుంటుంది. కానీ దాని నిండా పోలీసుల వేగులే. ఇద్దరు మాట్లాడుకుంటే మూడోనాటికి ప్రభుత్వానికి తెలిసిపోతోంది. అందుకని రోదాన్ అనే కల్నల్, ఫ్రెంచి పోలీసుల ఫైళ్ళలో ఎక్కడా లేని ఒక ఇంగ్లీషువాణ్ణి కుదుర్చుకుంటాడు. కిరాయి అయిదు లక్షల డాలర్లు. అతనికి నవల పొడుగునా సొంత పేరు లేదు. జాకాల్ అనే మారుపేరే. అంటే నక్క. అతన్ని పట్టుకునే పని క్లోద్ లెబెల్ అనే మామూలు డిటెక్టివ్ మీద పడుతుంది. అంతే కథ.

ఇందులో మొదటి చిక్కు ఏమిటో మా గుంపులోని ఇంజినీరింగ్ అమ్మాయి మొదటి ఆదివారమే అడిగేసింది. “డిగాల్ హత్య జరగలేదు కదా మేడమ్. రిజల్ట్ తెలిసిన మ్యాచ్ ఎందుకు చూడాలి?” అప్పట్లో ఈ రాతప్రతిని తిప్పి పంపిన ప్రచురణకర్తలదీ ఇదే మాట. డిగాల్ బతికే ఉన్నాడు, చావడని అందరికీ తెలుసు, ఇంక టెన్షన్ ఏముంటుందని. ఆయన 1970 నవంబర్‌లో తన ఇంట్లోనే పోయాడు. ఏ తూటా తగల్లేదు.

ఆ అమ్మాయికి నేను తోలుబొమ్మలాట గురించి చెప్పాను. కీచకవధ ఆడుతుంటే కీచకుడు చస్తాడని తెలియనివాళ్ళెవరు? అయినా గోనెపట్టా పరుచుకుని తెల్లారేదాకా కూర్చునేవాళ్ళం. ఏం జరుగుతుందో తెలుసు. ఎట్లా జరుగుతుందో చూడాలి, అదీ ఆకలి. ఆ పిల్ల అప్పటికి ఒప్పుకోలేదు. నాలుగో వారం మధ్యలో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. “మేడమ్, కారు కింద దాచిన తుపాకీ బార్డర్ దాటుతుందా లేదా, అది ఒక్కటి చెప్పి పడుకోండి” అని. నేను చెప్పలేదు.

ఇది రా.రా. తిరిగిన ఊరు. 1968లో ఇక్కడినుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి మొహమాటానికి మంచిమాట రాసిన మనిషి కాదు. ఆయన ఊళ్ళో ‘బాగుంది, చదివించింది’ అని చెప్పి కూర్చుంటే సరిపోదు. అందుకే మావాళ్ళను నేను బాగుందా లేదా అని అడగలేదు. ఒకటే అడిగాను. ఆ చంపేవాడి బండి మీరు ఎక్కడ ఎక్కారు? ఎక్కడ దిగారు?

ఎందుకంటే ఎక్కుతాం. అందరం ఎక్కుతాం. నేనూ ఎక్కాను.

ఈ పుస్తకాన్ని నాకన్నా ముందు ఎవరో ఒకరు పెన్సిల్ పట్టుకుని చదివారు. ఎవరో తెలియదు. మన ఊరివాళ్ళే అయి ఉంటారు, అక్కడక్కడా తెలుగులో రాసుకున్నారు. మొదటి సగమంతా గీతలే. ఏ గీతలనుకున్నారు? మంచి వాక్యాల కింద కాదు. లెక్కల కింద. తుపాకీ ఎంత పొడుగుండాలి, ఎంత బరువు, ఎన్ని రోజుల్లో చేసివ్వాలి, ఏ రోజు ఏ ఊరు, ఎంత డబ్బు. బ్రస్సెల్స్‌లో తుపాకులు చేసే ఒక పనిమంతుడి దగ్గర ఈ జాకాల్ కూర్చుని, తనకు కావలసిన తుపాకీ గురించి మాట్లాడే పేజీలున్నాయి. ఆ పేజీలు పెన్సిల్‌తో నల్లబడిపోయాయి. అడవిలో ఒక కర్బూజా పండును చెట్టుకు వేలాడదీసి, దూరంనుంచి గురి సరిచూసుకునే చోటైతే పక్కన చిన్న లెక్క కూడా వేసుకున్నారు.

మా టైలర్ అక్క దీన్ని సరిగ్గా పట్టుకుంది. ఆమె చదవలేదు, నేను చెప్పగా విన్నది. “పని తెలిసినవాడు పని చేస్తుంటే చూడబుద్ధి అవుతుంది మేడమ్. వాడు ఏం పని చేస్తున్నాడో తర్వాత గుర్తొస్తుంది” అన్నది. ముప్పై ఏళ్ళుగా మిషన్ తొక్కిన మనిషి. గుడ్డమీద కత్తెర పెట్టేముందు ఎంతసేపు ఆలోచిస్తుందో నేను చూశాను. ఫోర్సిత్ చేసిన పని సరిగ్గా అదే. హంతకుడికి తల్లిదండ్రులు లేరు, బాల్యం లేదు, కోపం లేదు, నమ్మకం లేదు. పని ఉంది. చేతులున్నాయి. ఆ చేతులనే మనకు చూపిస్తూ పోతాడు. పేరూ ఊరూ లేని మనిషి కాబట్టి చదివేవాడు వెళ్ళి అతని చొక్కాలో దూరిపోవచ్చు. దొంగ పాస్‌పోర్టు కోసం పల్లెటూరి చర్చి స్మశానంలో సమాధులు వెతుకుతుంటే మనమూ పక్కనే నడుస్తుంటాం. చిన్నప్పుడే చనిపోయిన ఒక పిల్లవాడి పేరు దొరకగానే హమ్మయ్య అనుకుంటాం. ఆ పిల్లవాడి తల్లి గుర్తురాదు.

ఈ పాస్‌పోర్టు సంగతి వట్టి కట్టుకథ కాదు. జాన్ స్టోన్‌హౌస్ అని ఒక బ్రిటిష్ ఎంపీ ఉండేవాడు, మంత్రిగా కూడా చేశాడు. 1974 నవంబర్‌లో మయామీ సముద్రతీరాన బట్టలు వదిలి మునిగిపోయినట్టు నమ్మించాడు. తన నియోజకవర్గంలోనే చనిపోయిన ఒకతని పేరు మీద పాస్‌పోర్టు తీసుకుని ఆస్ట్రేలియాలో తేలాడు. ఆ క్రిస్మస్ ముందురోజే దొరికాడు. ఇప్పుడు ఆధార్, వేలిముద్రలు ఉన్నాయి కాబట్టి ఇట్లాంటివి కుదరవని మా ఇంజినీరింగ్ అమ్మాయి వాదన. కుదురుతాయని మా హెడ్ కానిస్టేబుల్ గారి వాదన. ఆ ఆదివారం చీకటిపడేదాకా వాళ్ళిద్దరిదే గొడవ. నేను బొరుగులు కలుపుతూ విన్నాను.

హెడ్ కానిస్టేబుల్ గారంటే, రిటైరైన మనిషే. ఆయన జాకాల్ బండి ఎక్కనే లేదు. మొదటినుంచీ లెబెల్ పక్షమే. మనకు చప్పగా అనిపించిన పేజీలు ఆయనకు పంచభక్ష్యాలు. లెబెల్ ఎవరినీ కొట్టడు, ఎక్కడా దూకడు. ఫోన్లు చేస్తాడు, ఫైళ్ళు తెప్పిస్తాడు. అప్పట్లో ఫ్రాన్స్‌లో హోటల్లో దిగినవాళ్ళందరూ ఒక కార్డు నింపాలి. ఆ కార్డులన్నీ పోలీసులు పోగుచేస్తారు. వాటిలో ఒక్క పేరు కోసం వందలమంది వెతుకుతారు. ఇది వినేసరికి ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. “మేడమ్, బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీల రిజిస్టర్లు నేను టార్చి లైటుతో చదివినాను. నాలుగు గదుల పేర్లు ఒకే చేతిరాతలో ఉంటే అక్కడ ఆగాల. పోలీసు పని అంటే ఇదే. సినిమావాళ్ళకు ఇది కనపడదు” అన్నాడు. రాత్రింబవళ్ళు నిద్రలేక ఎర్రబడిన కళ్ళతో లెబెల్ మంత్రుల ముందు నిలబడి రిపోర్టు చదివే చోట ఆయన గొంతు జీరబోయింది. తన సర్వీసు గుర్తొచ్చి ఉంటుంది.

అదే మనిషి ఒకచోట మాట్లాడలేదు. కొవాల్‌స్కీ దగ్గర.

కొవాల్‌స్కీ కల్నల్ రోదాన్ అంగరక్షకుడు. ఏనుగంత మనిషి. చెప్పినపని చేయడం తప్ప ఏమీ తెలియదు. అతనికి ఫ్రాన్స్‌లో దాచిపెట్టుకున్న ఒకే ఒక్క ప్రేమ ఉంది, సిల్వీ అనే చిన్న కూతురు. ఆ సంగతి ప్రభుత్వం మనుషులు కనిపెడతారు. బిడ్డకు ప్రాణంమీదికొచ్చిన జబ్బు అని అబద్ధపు కబురు పంపుతారు. అతను రోమ్ వదిలి మార్సెయ్‌కు బయల్దేరతాడు. అక్కడ కాచుకుని ఉంటారు. తర్వాత అతన్ని ఎట్లా హింసించి ఆ నాలుగు ముక్కలు రాబట్టారో ఫోర్సిత్ దాచకుండా రాశాడు. కొవాల్‌స్కీ చచ్చిపోతాడు. ఆ ముక్కలనుంచే ప్రభుత్వానికి మొదటిసారి కుట్ర సంగతి తెలుస్తుంది.

అతను బయల్దేరే పేజీ ఇది. పక్కన చూడండి, పెన్సిల్‌తో, వంకర అక్షరాలతో... “పోవద్దురా సామీ.”

ఈ మాట చదివినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఎవరో మన ఊరి మనిషి, ఒంటరిగా కూర్చుని, పోలండ్‌నుంచి వచ్చి ఫ్రాన్స్ సైన్యంలో చేరిన ఒక మోటు మనిషిని బతిమాలుకున్నారు. దీనికి మించిన అభిప్రాయం ఎవరు రాస్తారు? టైలర్ అక్క కూడా ఇదే అన్నది. “బిడ్డకు బాగాలేదంటే ఎవరాగుతారు మేడమ్? వల అని తెలిసినా పోతారు.” హెడ్ కానిస్టేబుల్ గారు నేల చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, “ఈ హింస పెట్టేది లేకపోయినా కథ నడుస్తుందేమో” అన్నారు. నడవదు. ప్రభుత్వం మంచివాళ్ళ పక్షమని అప్పటిదాకా అనుకుంటూ వచ్చిన పాఠకుడి కాళ్ళకింద నేలను లాగేది ఈ పేజీలే. నవలలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా కనిపించినవీ ఇవే. ఆయన అడిగినా నేను వాటిని దాటవేయలేదు.

ఇంతకీ రహస్యం ఎక్కడ కారిపోయిందో చూశారా? ఒక తండ్రి దగ్గర. ప్రభుత్వం పక్షాన కూడా అంతే, ఒక పెద్ద అధికారి తన ప్రియురాలి దగ్గర నోరు జారుతుంటాడు, ఆమె ఆ సంగతులు అవతలివాళ్ళకు చేరవేస్తుంటుంది. ముగ్గురు నలుగురికి మాత్రమే తెలిసిన కుట్రే ఇట్లా కారిపోతే, వాట్సాప్‌లో రోజూ మనకు చెప్పే కుట్రల సంగతేమిటి? వేలమంది కలిసి ఏళ్ళతరబడి నోరు మెదపకుండా దాచారట! మా గుంపులో ఉన్న బ్యాంకు రిటైర్డ్ మేనేజర్ గారు ఈ నవల అయ్యాక అట్లాంటి మెసేజ్‌లు ఫార్వర్డ్ చేయడం మానేశారు. అంతకుముందు రోజుకు పది వచ్చేవి ఆయననుంచి.

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే తమ్ముడొకరు గట్టి అభ్యంతరం పెట్టాడు. ఫ్రాన్స్ 1830లో అల్జీరియా మీద పడింది. 1954లో స్వాతంత్య్ర యుద్ధం మొదలైంది. 1962లో వదిలిపెట్టింది. ఈ నవలలో కోపాలన్నీ ఆ దేశం గురించే. “కానీ చెప్పుకోదగ్గ అల్జీరియా మనిషి ఒక్కడైనా ఉన్నాడా అక్కా? ఇంటివాడు లేకుండా ఇంటి తగాదా రాశాడు” అన్నాడు. న్యాయమైన మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు. వేగానికి అడ్డమని రచయిత వదిలేశాడని సర్దిచెప్పబోయాను. “వేగం కోసం వదిలేసేది ఎప్పుడూ వాళ్ళనే కదా” అన్నాడు. నేను ఊరుకున్నాను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చెప్పాలి.

మా గుంపులో ఒక పెద్దాయన ఉన్నాడు. జమ్మలమడుగు వైపు పల్లె. ఊళ్ళో పాత కక్షల్లో ఆయన తమ్ముణ్ణి చంపేశారు. నలభై ఏళ్ళ కిందటి మాట. తర్వాత ఆయన ఊరొదిలి కడపకొచ్చి చిన్న అంగడి పెట్టుకున్నాడు. ఈ నవల మొదలుపెట్టేముందు నేను విడిగా వెళ్ళి, “అన్నా, ఇది చంపేవాళ్ళ కథ, మీకు కష్టంగా ఉంటే రాకండి” అని చెప్పాను. వచ్చాడు. ఎనిమిది వారాలూ వచ్చాడు. ఆరు వారాలు ఒక్కమాట మాట్లాడలేదు.

జాకాల్ ఫ్రాన్స్‌లోకి వచ్చాక ఒక ధనిక స్త్రీతో పరిచయం పెట్టుకుంటాడు. తర్వాత వేటనుంచి తప్పించుకోవడానికి పల్లెలో ఉన్న ఆమె ఇంట్లో తలదాచుకుంటాడు. తన సంగతి ఆమెకు తెలిసిపోతుంది. చంపేస్తాడు. ఎక్కువసేపు పట్టదు. రచయిత కూడా ఎక్కువసేపు ఆగడు, బండి మళ్ళీ బయల్దేరుతుంది. ఆ వారం నేను ఆ భాగం చెప్పి, రోజూలాగే, “ఇప్పుడు తప్పించుకుంటాడా” అని ఉత్సాహంగా తర్వాతి అధ్యాయం ఎత్తబోయాను.

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. “ఉండమ్మా. ఆ యమ్మ ఇంట్లో తెల్లారినాక ఏమైంది?” అన్నాడు.

నేను పుస్తకంలో ఉన్నంతవరకూ చెప్పాను.

ఆయన నెమ్మదిగా మాట్లాడాడు. “మా ఊరికి చంపనీకి వచ్చినోళ్ళు ఇంత నిబ్బరంగా రాలేదమ్మా. తాగి వచ్చినారు. ఒకనికి చేతులు వణుకుతా ఉన్నాయంట. అంతకుముందు వారంనుంచి మా తమ్ముడు ఎప్పుడు టీ తాగనీకి పోతాడు, ఏ దారిన వస్తాడు, అన్నీ చూసుకున్నారు. పేపర్లో రెక్కీ అని రాసినారు. ఆ మాట చదివి ఎవరో ఒకరు, అబ్బ, ఏం ప్లాన్ రా, అనే ఉంటారు. ఈ రాసినాయన పని బాగా తెలిసినోడే. కానీ చచ్చినోళ్ళ ఇంట్లోకి ఒక్కసారి కూడా పోలేదు.”

మిద్దె మీద ఎవరూ మాట్లాడలేదు. కింద వీధిలో సోడాబండి పోతున్న చప్పుడు వినపడింది.

ఆ రాత్రి ఇంట్లో పుస్తకం మళ్ళీ తీశాను. అప్పుడు చూశాను, అంతవరకూ గమనించని సంగతి. ఆమె చనిపోయిన పేజీ తర్వాత పెన్సిల్ గీత లేదు. చివరిదాకా తిరగేశాను. నవలలో అసలు పట్టు మిగిలిందే ఆ పేజీల్లో. కాలు కోల్పోయిన మాజీ సైనికుడి వేషం, చంకకర్రల్లో దాచిన తుపాకీ, ఆగస్టు 25 పారిస్ విముక్తి దినోత్సవం, మోంపర్నాస్ రైల్వేస్టేషన్ ముందు మెడల్స్ ఇచ్చే సభ. ఒక్క గీత లేదు, ఒక్క లెక్క లేదు. ఆ పాఠకుడు అక్కడ చదవడం మానేశాడో, పెన్సిల్ మాత్రమే కింద పెట్టాడో తెలియదు. బండి దిగాడని మాత్రం నేను నమ్ముతున్నాను.

నేను దిగలేదు. ఇది ఒప్పుకోవడానికే ఇక్కడికి వచ్చాను. మొదటిసారి, ముప్పై ఏళ్ళప్పుడు, ఇదే నవల చదివినప్పుడు చివరిదాకా అతనితోనే ఉన్నాను. కిటికీలోంచి గురిచూస్తాడు. డిగాల్ ఒక మాజీ సైనికుడికి మెడల్ తగిలించి, ఫ్రెంచివాళ్ళ పద్ధతి ప్రకారం బుగ్గమీద ముద్దు పెట్టడానికి హఠాత్తుగా ముందుకు వంగుతాడు. తూటా వెనకగా పోతుంది. ఇంగ్లీషువాడికి ఆ మర్యాద తెలియదు. అన్ని లెక్కలు వేసినవాడు ఈ ఒక్కటి వేయలేదు. ఆ క్షణంలో నా నోటివెంట “అయ్యో” అని వచ్చింది. ఎవరికోసం అన్నాను ఆ అయ్యో? డిగాల్ బతికినందుకు సంతోషం కాదది. గురి తప్పినందుకు. పిల్లలకు పద్యాలు చెప్పే మనిషిని, చీమను చూసి అడుగు తీసి అడుగు వేసే మా అమ్మ కూతుర్ని, ఒక కిరాయి హంతకుడి తూటా తప్పిపోయిందని బాధపడ్డాను. అది రచయిత గొప్పతనం, నేను కాదనను. అంత పట్టు ఉన్న చేయి అరుదు. కానీ ఆ “అయ్యో” నా నోటినుంచి వచ్చింది కాబట్టి అది నాదే. మళ్ళీ చదివినప్పుడు, అదే కథలో, ఆమె తలుపు దగ్గర పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపేదాకా, నేను మళ్ళీ అదే బండిలో కూర్చుని ఉన్నాను.

ఈ నవల చదవవద్దని నేను అనడంలేదు. చదవండి. పిల్లలతో చదివించండి. మా ఇంజినీరింగ్ అమ్మాయి ఇప్పుడు రెండోసారి చదువుతోంది, ఈసారి చనిపోయినవాళ్ళ పేర్లు ఒక కాగితంమీద రాసుకుంటూ. అందులో హంతకుడి పేరు ఉండదు. చివర అతన్ని పాతిపెట్టినప్పుడు కూడా ఎవరో తెలియదు. మిగిలినవాళ్ళలో చాలామందికి పేర్లున్నాయి. ఫోర్సిత్ అంతవరకూ ఇచ్చాడు.

చివరి ఆదివారం అందరూ వెళ్ళిపోయాక పెద్దాయన మెట్లదగ్గర ఆగాడు. పుస్తకం ఒకసారి ఇమ్మన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ పేజీ చూపించమన్నాడు. చూపించాను. అక్షరాల మీద వేలుపెట్టి, “ఆ యమ్మ పేరు ఎట్ల పలకాల?” అని అడిగాడు.

“కొలెట్” అన్నాను.

“కొలెట్టు” అన్నాడు. సరిగ్గా రాలేదనుకుని ఇంకోసారి అన్నాడు. పుస్తకం నా చేతికిచ్చి, చెప్పులేసుకుని మెట్లు దిగాడు.